చెత్త ఎత్తేవాడి పేరు

(రెండు బొమ్మల సినిమాల్లో పర్యావరణం, శుద్ధి, శ్రమ)

పర్యావరణం గురించి తీసిన ప్రతి సినిమాలోనూ ఒక 'మనం' వినపడుతుంది. మనం భూమిని నాశనం చేశాం. మనం అడవులు నరికాం. మనమే మారాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ 'మనం'లో ఎవరెవరున్నారు అని అడిగితే మాత్రం కొందరికి కోపం వస్తుంది. భూమి మునిగిపోతుంటే మధ్యలో కులం గొడవేంటండీ అంటారు. ఊరి మురుగు పారే వైపే మాలపల్లె, మాదిగగూడెం ఎందుకు ఉంటాయో వాళ్ళెప్పుడూ ఆలోచించి ఉండరు. ఫ్యాక్టరీ యజమానీ, ఆ ఫ్యాక్టరీ సీసాల్ని కుప్పలోంచి ఏరుకుని కిలో లెక్కన అమ్ముకునే ఆడమనిషీ ఒకే 'మనం'లో ఎట్లా ఇముడుతారు? పాపం చేసిన లెక్కలో ఇద్దర్నీ కలిపేస్తారు, లాభం పంచుకునేటప్పుడు విడదీస్తారు.

ఈ ప్రశ్న పట్టుకుని రెండు బొమ్మల సినిమాలు చూద్దాం. ఒకటి 2008లో అమెరికాలో పిక్సార్ సంస్థ తీసిన 'వాల్-ఈ'. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. రెండోది 1984లో జపాన్‌లో హయావో మియజాకి తీసిన 'గాలిలోయ నౌసికా'. రెండూ సైన్స్ ఫిక్షన్ కథలే. రెండూ భూమి పాడైపోయిన తర్వాత మొదలవుతాయి. దళిత పత్రికలో కార్టూన్ల మీద వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. నవ్వనివ్వండి. మన పిల్లలు మన పత్రికలకన్నా ముందు ఈ సినిమాలే చూస్తున్నారు. ఏది శుభ్రం, ఏది మురికి, ఎవరు గొప్ప, ఎవరు పనోడు అన్నది వాళ్ళకి అక్కడే మొదట తెలుస్తోంది.

కొన్నేళ్ళ కింద ఒక జిల్లా కేంద్రంలో దళిత విద్యార్థుల అధ్యయన తరగతులు జరిగాయి. పగలంతా ఉపన్యాసాలు. నాదీ ఒకటి ఉంది, పిల్లలు ఆవలిస్తూ విన్నారు. రాత్రి ఏదైనా సినిమా వేద్దామంటే 'వాల్-ఈ' వేశాం. అందులో మొదటి అరగంటకి పైగా మాటలు దాదాపు ఉండవు, అందుకని ఇంగ్లీషు రాదన్న బెంగ లేకుండా చూస్తారని నా లెక్క. సినిమా అయ్యాక చర్చ పెడితే ఇంటర్ చదివే పిలగాడొకడు లేచి, "సార్, వాల్-ఈ అనేది వాని పేరు కాదు గద సార్. అది వాని పని పేరు. చచ్చిపడున్నోళ్ళ మీద గూడ అదే రాసుంది" అన్నాడు. నేనప్పటికి ఆ సినిమా మూడుసార్లు చూశాను. నాకు తట్టలేదు.

నిజమే. వాల్-ఈ అంటే భూమి మీది చెత్తని ఎత్తి సర్దే యంత్రాల రకానికి పెట్టిన పేరు, ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. కథ ఇదీ: 'బై ఎన్ లార్జ్' అనే ఒక్క కంపెనీ భూమి మీద సమస్తం అమ్మింది. కొన్నదంతా చెత్తయింది. చెత్త ఆకాశానికంటాక కంపెనీ జనాన్ని పెద్దపెద్ద అంతరిక్ష నౌకల్లోకి ఎక్కించి, మీరు విహారం చేసి రండి, ఈలోగా మేం ఊడ్చిపెడతాం అంది. ఊడ్చడానికి ఈ యంత్రాల్ని వదిలి వెళ్ళింది. ఐదేళ్ళ విహారమన్నది 700 ఏళ్ళయింది. యంత్రాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒకటి మిగిలింది. అది రోజూ పొద్దున్నే ఎండకి తన పలకలు విప్పి శక్తి నింపుకుని పనికెళ్తుంది. చెత్తని కడుపులోకి తోసుకుని ఘనంగా అదిమి ఇటుకల్లా పేరుస్తుంది. పేర్చీ పేర్చీ మేడలకన్నా ఎత్తు గోపురాలు కట్టింది. తోడుకి ఒక బొద్దింక.

పనిని బట్టి పేరు. ఆ పేరుతో పుట్టినవాళ్ళందరికీ అదే పని. ఇది అమెరికా దర్శకుడికి ఒక తమాషా పేరు మాత్రమే కావచ్చు. కానీ చెప్పులు కుట్టే కులం పేరు, డప్పు కొట్టే కులం పేరు, కోస్తాలో వీధులూడ్చే పని అంటగట్టిన రెల్లి పేరు, హైదరాబాదులో మెహతర్ పేరు పుట్టుకతో మోసుకొచ్చినవాళ్ళకి అది తమాషాగా వినపడదు. కులమంటే పనుల్ని పంచడం కాదనీ, పనివాళ్ళని విడగొట్టి గళ్ళలో బిగించడమనీ అంబేద్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో తేల్చి చెప్పాడు. ఆ పిలగాడు ఆ పుస్తకం చదివాడో లేదో నాకు తెలీదు. పేరు దగ్గరే పట్టుకున్నాడు.

ఈ సినిమాలో ఒక చిన్న ముక్క ఉంది. వాల్-ఈ కాళ్ళకి టాంకులకుండే లాంటి పట్టీ చక్రాలుంటాయి. అవి అరిగిపోతాయి. ఇంటికెళ్ళే దారిలో ఆగిపోయి పడున్న తోటి యంత్రం ఒకటి కనిపిస్తుంది. దాని పట్టీలు ఇంకా బాగున్నాయి. మరుక్షణం వాల్-ఈ ఆ పట్టీలు వేసుకుని హాయిగా దొర్లుకుంటూ పోతుంటాడు. జనం ఇక్కడ నవ్వుతారు. చచ్చిపోయిన తోటి పనివాడి చెప్పులు తొడుక్కుని పనికెళ్ళడం ఇది. తండ్రి మ్యాన్‌హోల్లో పోతే కొడుక్కి అదే ఉద్యోగం ఇప్పించి, కుటుంబాన్ని ఆదుకున్నామని ఫోటో దిగే పద్ధతి మనకుంది. దర్శకుడికి ఇవన్నీ తెలియాలని నేననను. తెలియకుండానే పనివాడి బతుకులో ఒక నిజాన్ని తాకాడు. తాకి, నవ్వించి, ముందుకెళ్ళిపోయాడు.

ఈ సినిమా గొప్పతనాన్ని తక్కువ చెయ్యను. చెత్త ఎత్తేవాణ్ణి కథానాయకుణ్ణి చేసిన పెద్ద సినిమాలు ఎన్నున్నాయి? చెత్తకుప్పని అసహ్యంగా కాక ఒక పనిశాలగా, ఇంకా చెప్పాలంటే ఒక గ్రంథాలయంగా చూపించిన సినిమా ఇది. వాల్-ఈ దొరికినదంతా అదిమెయ్యడు. ఏరతాడు. బల్బు, లైటరు, రంగుల ఘనం, పాత వీడియో టేపు, అన్నీ తన గూట్లో అరలరలుగా సర్దుకుంటాడు. ఒకచోట నగల డబ్బీ దొరుకుతుంది. తెరిస్తే లోపల వజ్రపుటుంగరం. ఉంగరం విసిరేసి, టప్పున మూసుకునే డబ్బీ దాచుకుంటాడు. ఇంకోచోట సగం చెంచా సగం ఫోర్కూ అయిన వస్తువు దొరికితే చెంచాల్లో పెట్టాలా ఫోర్కుల్లోనా అని తికమకపడి రెంటికీ మధ్యలో పెడతాడు. విలువ కట్టే తెలివి ఇది. మన ఊళ్ళల్లో చిత్తుకాగితాలు ఏరే ఆడవాళ్ళకి ఏ ప్లాస్టిక్ కరుగుతుందో, ఏది కరగదో, ఏ రేకు ఎంత పలుకుతుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. దాన్ని ఎవరూ విజ్ఞానం అనరు.

మొక్క సంగతి చూడండి. భూమి మీద మళ్ళీ మొలిచిన మొదటి మొక్క పాత ఫ్రిజ్జులో వాల్-ఈకి దొరుకుతుంది. పాత బూటులో మట్టితో సహా పెట్టి కాపాడుతాడు. మొక్కలు కనిపెట్టడానికి అంతరిక్షం నుంచి వచ్చిన ఈవ్ అనే తెల్లటి మెరిసే యంత్రం దాన్ని అతని దగ్గర్నించే తీసుకుంటుంది. పని పూర్తయిందని నమోదయ్యేది ఈవ్ ఖాతాలో. కుప్పని 700 ఏళ్ళు ముట్టుకున్నవాడికి దొరికింది, ముట్టుకోకుండా పైనుంచి వెతికినదానికి దొరకలేదు. ఎవరి ఎరుక ఎవరి పేరు మీద పరిశోధన అవుతుందో విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన పిల్లలకి వేరే చెప్పనక్కర్లేదు. (ఆ మురికి యంత్రానికీ ఈ తెల్ల యంత్రానికీ ప్రేమ కుదిరినప్పుడు మా పిల్లలు ఈలలు వేశారు. కులాంతరమే గానీ ఈవ్ వాళ్ళ అన్నదమ్ములు ఎవరూ కర్రలు పట్టుకుని రాలేదు. సైన్స్ ఫిక్షన్ అంటే అదే మరి.)

నౌకలోకి వెళ్ళాక సినిమా ఇంకా చిక్కబడుతుంది. అక్కడ నేల అద్దంలా ఉంటుంది. మనుషులు తేలే కుర్చీల్లో ఒరిగి, ముఖాల ముందు తెరలు చూసుకుంటూ, గ్లాసుల్లో తాగుతూ బతుకుతుంటారు. వాళ్ళ లావు శరీరాల్ని చూపించి నవ్వించడం నాకు నచ్చలేదు. కంపెనీ మీద ఉండాల్సిన వేలు ఒంటి మీదకి తిరిగింది. అది పక్కన పెడదాం. అక్కడ ఎం-ఓ అనే ఒక చిన్న యంత్రం ఉంది. దాని పని నౌకలోకి వచ్చిన ప్రతిదానికీ మైల ఎంతో కొలవడం, అంటుకున్న మురికిని తుడవడం. వాల్-ఈని చూడగానే దాని కొలత హద్దు దాటిపోతుంది. పరాయి మైల! అని తుడవడం మొదలుపెడుతుంది. వాల్-ఈ స్నేహంగా దగ్గరికొస్తే హడలిపోతుంది. వాల్-ఈ నడిచిన చోటల్లా మట్టి గీత పడుతుంది, వెనకాలే అది తుడుచుకుంటూ వస్తుంటుంది.

భూమినంతా శుభ్రం చేసినవాడు నౌకలో అడుగుపెడితే అతనే మురికి. శుభ్రం చేసే చెయ్యే మైల చెయ్యి. ఇంత సూటిగా అంటరానితనాన్ని చూపించిన కార్టూన్ నేనింకోటి చూడలేదు. అమెరికాలో దీన్ని చూసినవాళ్ళు ముద్దొచ్చే హాస్యం అనుకున్నారు. మన వీధుల్లో నడుముకి తాటాకు కట్టుకుని అడుగుల జాడ తుడుచుకుంటూ నడవాల్సి వచ్చిందన్న జ్ఞాపకం ఉన్నవాళ్ళకి ఆ మట్టి గీత వేరేగా కనిపిస్తుంది. అక్కడ తుడిచేది వేరే యంత్రం. ఇక్కడ మన జాడ మన చేతే తుడిపించారు.

ఎం-ఓ కూడా పారిశుధ్య కార్మికుడే అన్న సంగతి మర్చిపోకూడదు. అతనూ తుడిచేవాడే. కాకపోతే నౌకలో తుడిచేవాడు, కాస్త పై మెట్టు. కింది మెట్టువాణ్ణి చూసి మైల అంటాడు. అంబేద్కర్ చెప్పిన మెట్లమెట్ల అసమానత అంటే ఇదే. ప్రతి మెట్టువాడికీ కింద ఒకడుంటాడు గనక ఎవడూ నిచ్చెనని కూలదొయ్యడు. మనలో మనకి, మాల మాదిగల మధ్య, మాదిగలకీ రెల్లికీ మధ్య ఉన్నది కూడా ఇదేనని ఒప్పుకోడానికి మనకి చాలా ఏళ్ళు పట్టింది. కొందరికి ఇంకా పట్టలేదు. నౌకలో యంత్రాలన్నీ నేల మీద గీసిన వెలుగు గీతల మీదే నడవాలి. వాల్-ఈ మట్టి జాడ గీత దాటి పోతుంది. ఎం-ఓ గీత అంచున ఆగి, అటూ ఇటూ చూసి, వెనక్కి తగ్గి, చివరికి దూకేస్తుంది. దూకాక దాని మొహంలో ఆనందం చూడాలి. మైలని వెంబడిస్తూ వెళ్ళే పనిలోనే అది తన గీత దాటింది. ఈ పది సెకన్ల బొమ్మలో ఉన్న రాజకీయం మిగతా సినిమా అంతట్లో లేదు.

నౌక అడుగున ఇంకో రకం యంత్రాలున్నాయి, పెద్దవి. వాటి పేరూ పని పేరే. అవి నౌకలో చెత్తనంతా అదిమి బయటికి, శూన్యంలోకి తోసేస్తుంటాయి. 700 ఏళ్ళలో మనుషులు నేర్చుకున్నదేమీ లేదు. చెత్త ఊరి బయట పారెయ్యాలి, అంతే. ఒకప్పుడు ఊరి బయట వెలివాడ ఉండేది, ఇప్పుడు నగరం బయట డంపింగ్ యార్డు ఉంది, అక్కడ అంతరిక్షం ఉంది. హైదరాబాద్ చెత్త జవహర్‌నగర్ గుట్టకి పోతుంది. నగరం శుభ్రమైందని బహుమతులు వస్తే గుట్ట పక్క బస్తీల్లో ఈగలు ముసురుతుంటాయి.

ఇంతకీ ఈ సినిమా దాచింది ఏంటి? పనివాణ్ణి యంత్రం చెయ్యడంతో చాలా ప్రశ్నలు తప్పించుకుంది. యంత్రానికి ఆకలి లేదు, జీతం లేదు, పిల్లల్ని బడికి పంపే గొడవ లేదు, ఊపిరితిత్తులు లేవు. అది ఒక్కసారీ 'నేనే ఎందుకు చెయ్యాలి' అనదు. తన పనిని ప్రేమిస్తుంది. ఆధిపత్య కులాలు ఎప్పుడూ కలగన్న పనివాడు ఇట్లాగే ఉంటాడు. పారిశుధ్యం దైవసేవ లాంటిదని, తల్లి బిడ్డకి చేసే సేవ లాంటిదని హరిజనోద్ధరణ కాలం నుంచీ పొగుడుతూనే వచ్చారు. పొగిడినవాళ్ళెవరూ ఆ పుణ్యం తమ పిల్లలకి వారసత్వంగా రాసివ్వలేదు.

ఇంకోటి. నౌకల్లో టిక్కెట్టు ఎవరికి దొరికింది? సినిమా చెప్పదు. భూమి మీద మనుషులంతా ఎక్కేశారని మనం అనుకోవాలి. ఎక్కించుకోని వాళ్ళేమయ్యారని అడగడానికి సినిమాలో నోరున్న మనిషే లేడు. కంపెనీ పెత్తనాన్ని ఎగతాళి చేసిన ఈ సినిమా తనవంతుగా ప్లాస్టిక్ వాల్-ఈ బొమ్మలు కూడా మార్కెట్లోకి వదిలింది. అవి ఏ కుప్పలో ఉన్నాయో, వాటిని ఎవరు ఏరుతున్నారో!

చివరి దాకా వచ్చేసరికి ఒక సన్నివేశం నన్ను మళ్ళీ ఆపింది. నలిగిపోయిన వాల్-ఈకి ఈవ్ కొత్త భాగాలు బిగిస్తుంది. అతను లేస్తాడు. కానీ జ్ఞాపకం పోయింది. ఈవ్‌ని గుర్తుపట్టడు. తను ఏళ్ళ తరబడి దాచుకున్న వస్తువుల్నే చెత్తనుకుని అదిమెయ్యడం మొదలుపెడతాడు. జ్ఞాపకం లేని పనివాడు ఏ లోపమూ లేని పనివాడు. తయారుచేసిన కంపెనీకి కావలసింది సరిగ్గా ఆ యంత్రమే. జ్ఞాపకం తిరిగొచ్చాకే అతను వాల్-ఈ అవుతాడు. మన కవులూ ఆత్మకథకులూ ఎందుకంత మొండిగా తాతల పనుల పేర్లు తవ్వి రాస్తున్నారో, పాత గాయాలు ఎందుకండీ అని అడిగే మర్యాదస్తులకి ఈ సన్నివేశం చూపిస్తే సరిపోతుంది.

యంత్రం ప్రస్తావన వచ్చింది గనక కొందరు ఇంజనీరింగ్ మిత్రులు చేసే వాదన ఒకటి చూడాలి. రోబో వస్తే మనిషి మురుగులో దిగక్కర్లేదు కదా, సాంకేతికతే విముక్తి కదా అంటారు. కేరళలో 2018లో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే 'బాండికూట్' అనే రోబో వచ్చింది. మంచిదే, వద్దనేవాళ్ళం కాదు. కానీ మన దేశంలో మనిషి మురుగులో దిగుతున్నది యంత్రం లేక కాదు. యంత్రం అద్దెకన్నా మనిషి చవక గనక. అతను చచ్చిపోతే అడిగేవాడు లేడు గనక. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. చాలక 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి తలా 10 లక్షలివ్వాలంది. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పారిశుధ్యం పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. 2023 అక్టోబరులో అదే కోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలకి పెంచింది. చావులు ఆగి ఉంటే పరిహారం పెంచే పని ఉండేదా? పిక్సార్ వాళ్ళు యంత్రానికి మనసు పెట్టారు. ఇక్కడ మనసున్న మనిషిని తాడు కట్టి యంత్రంలా దించుతున్నారు.

ఇక 'నౌసికా'.

ఇది పాత సినిమా, నెమ్మదిగా నడుస్తుంది, బొమ్మలు చేత్తో గీసినవి. అమెరికాలో 1985లో దీన్ని 20 నిమిషాలకి పైగా కోసేసి, పేరు మార్చి, మామూలు యుద్ధం కథలా అమ్మారు. కోతలో పోయింది ఎక్కువగా పర్యావరణం గొడవే. కథ ఇదీ: ఏడు రోజుల మంటల్లో పారిశ్రామిక నాగరికత కాలిపోయి వెయ్యేళ్ళయింది. భూమి మీద విషపు గాలి వదిలే బూజు అడవి వ్యాపిస్తోంది. పెద్దపెద్ద పురుగులు దాన్ని కాపలా కాస్తుంటాయి. మిగిలిన రాజ్యాలన్నీ ఆ అడవిని తగలబెట్టాలని చూస్తుంటాయి. గాలిలోయ అనే చిన్న ఊరి దొర కూతురు నౌసికా మాత్రం ఆ అడవి మొక్కల్ని రహస్యంగా పెంచి చూస్తుంది. లోతు బావి నుంచి తోడిన మంచి నీళ్ళు, మంచి మట్టి ఇస్తే ఆ విషపు మొక్కలు విషం వదలవు. తప్పు మొక్కలది కాదు, మట్టిది. మనుషులు పాడుచేసిన మట్టిలోని విషాన్ని ఆ అడవి తన ఒంట్లోకి పీల్చుకుని, అడుగున నీళ్ళని శుద్ధి చేస్తోంది.

మైల అని ప్రపంచం భయపడి తగలబెట్టబోతున్నదే ప్రపంచాన్ని కడుగుతోంది. పక్కన పెట్టి చదవండి: ఊరి చచ్చిన గొడ్డుని మోసినవాళ్ళు, ఊరి మలం ఎత్తినవాళ్ళు, ఊరి బట్టల మైల ఉతికినవాళ్ళు. ఊరి విషాన్ని ఒంట్లోకి తీసుకుని ఊరిని శుభ్రంగా ఉంచినవాళ్ళ మీదే ఆ విషం పేరు పెట్టారు. మియజాకి దీన్ని కులం గురించి తియ్యలేదు. జపాన్‌లో మినమాట అఖాతంలో చిస్సో కంపెనీ వదిలిన పాదరసం ఆయన మనసులో ఉందని ఆయనే చెప్పుకున్నాడు. మినమాట జబ్బు 1956లో బయటపడింది. కంపెనీ వ్యర్థాలే కారణమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ పన్నెండేళ్ళూ చేపలు పట్టి, చేపలు తిని బతికే బీద కుటుంబాలు చేతులు వంకర్లు పోయి, చూపు పోయి, మాట పోయి చచ్చాయి. చుట్టుపక్కలవాళ్ళు అది అంటురోగమనుకుని వాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. విషం వదిలినవాడు గౌరవనీయుడు, విషం తిన్నవాడు అంటరానివాడు. ఈ లెక్క ఏ దేశంలోనైనా ఒక్కటేలా ఉంది.

జపాన్‌లో పుట్టుకతో వచ్చే అంటరానితనం కూడా ఉంది. తోలు పని, పశువుల కోత చేసిన బురాకు ప్రజల్ని తరతరాలు వెలివేశారు. 1871లో ప్రభుత్వం ఆ హోదాని కాగితం మీద రద్దు చేసింది. కాగితం చాలదని తెలిసి వాళ్ళు 1922లో సుయిహేషా అనే సొంత సంఘం పెట్టుకున్నారు, మన మహద్ పోరాటానికి ఐదేళ్ళ ముందు. నౌసికా సినిమాలో వాళ్ళు లేరు. చచ్చిన పురుగుల పెంకుల్ని కోసుకుని పనిముట్లు చేసుకునే లోయ అది, అయినా ఆ పని వల్ల అక్కడెవరూ అంటరానివాళ్ళు కారు.

కానీ చేతుల సీను ఉంది. లోయని ఆక్రమించిన సైన్యం రాకుమారి ముందు బందీలుగా నిలబడ్డ ముసలివాళ్ళలో ఒకడు తన చేతులు చూపిస్తాడు. అడవి విషానికి బిగుసుకుపోతున్న చేతులు. ఇంకో ఆరు నెలలకి రాయిలా అయిపోతాయి. అయినా మా అమ్మాయికి ఈ చేతులంటే ఇష్టం, కష్టపడే అందమైన చేతులంటుంది అని చెబుతాడు. వాల్-ఈ మొత్తంలో లేనిది ఈ ఒక్క మాటలో ఉంది. విషం ఎవరి ఒంటి మీద పడుతోందో చూపించడం. చెయ్యి యంత్రానిది కాదు, నెత్తురున్నది.

లోపం లేదా అంటే ఉంది. కష్టపడే చేతులు అందమైనవని దొర కూతురు చెప్పాలి. ముసలివాడు తనంతట తాను చెప్పలేడు. ఆఖర్లో నీలిబట్టలు కట్టుకున్న రక్షకుడొస్తాడన్న పాత జోస్యం నౌసికా రూపంలో నిజమై, ఆమె చచ్చి బతికి, జనం దండాలు పెడతారు. అవతార పురుషుడు పోయి అవతార స్త్రీ వచ్చింది. ఈ ముగింపు మతకథలా తేలిందన్న అసంతృప్తి మియజాకికే ఉండేది.

అందుకేనేమో, 1982లో మొదలుపెట్టి 1994 దాకా గీసిన బొమ్మల పుస్తకంలో ఆయన ఈ కథని చాలా దూరం, తనకే ఇబ్బంది అయ్యేంత దూరం తీసుకెళ్ళాడు. సినిమా చూసి ఆగిపోయినవాళ్ళు దీన్ని తప్పక తెలుసుకోవాలి. అందులో ఆ అడవి సహజంగా పుట్టింది కాదని తెలుస్తుంది. కాలిపోకముందు నాటి పండితులే భూమిని శుద్ధి చెయ్యడానికి దాన్ని తయారుచేశారు. శుద్ధి అయ్యాక బతకడానికి నెమ్మదస్తులైన కొత్త మనుషుల్ని గుడ్లలాగా దాచిపెట్టారు. మరి ఇప్పుడున్న మనుషులు? విషానికి అలవాటుపడేలా వీళ్ళ ఒళ్ళు మార్చేశారు. శుద్ధి అయిన గాలి పీలిస్తే వీళ్ళు నెత్తురు కక్కుకుని చస్తారు. అంటే ఈ వెయ్యేళ్ళు విషం పీల్చి బతికినవాళ్ళు రాబోయే శుభ్రమైన లోకానికి పనిముట్లే గానీ వారసులు కారు. ఇది తెలిశాక నౌసికా ఆ శుద్ధి పథకాన్ని కాపాడదు. దాన్ని కూలగొడుతుంది. ఆ గుడ్లు కూడా పోతాయి.

మొదటిసారి చదివినప్పుడు నాకు వణుకు పుట్టింది. సరైన పనా? ఇంకా పుట్టని మనుషుల్ని చంపే హక్కు ఆమెకెక్కడిది? నాకు ఇప్పటికీ సమాధానం లేదు. కానీ ప్రశ్న మాత్రం మనది. శుద్ధి అన్న మాట ఎవరు పలికినా, ఆ శుద్ధి అయిన చోట మనకి చోటుంటుందా అని అడగాల్సిన అవసరం మనకి చరిత్ర నేర్పింది. నది ఒడ్డు సుందరం చెయ్యాలంటే ముందు పోయేది గుడిసెలు. నగరం పచ్చగా ఉండాలంటే ముందు లేపేది బస్తీ. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వెనక నడిచిన జనం చవదార్ చెరువులో నీళ్ళు తాగితే, సవర్ణులు ఆ చెరువుని శుద్ధి చెయ్యాలని కుండలతో ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు తెచ్చి పోశారు. ఏది కాలుష్యం, ఏది శుద్ధి? పేడ పోస్తే పవిత్రమై, మనిషి దోసిలి తగిలితే మైలపడే నీళ్ళున్న దేశంలో పర్యావరణం మాట మాట్లాడేవాడు ముందు ఆ సంగతి తేల్చి మాట్లాడాలి.

మన పర్యావరణ ఉద్యమ చరిత్రలన్నీ చెట్టుని కౌగిలించుకోవడంతో మొదలవుతాయి. కారంచేడు ఏ పుస్తకంలో ఉంది? 1985 జూలైలో, మాదిగలు తాగే చెరువు నీళ్ళని మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ అది. నీళ్ళు పాడుచెయ్యొద్దని ఒక ఆడమనిషి అడ్డం తిరిగి నిలబడింది. జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. మనం దాన్ని ఆత్మగౌరవ పోరాటంగా చెప్పుకున్నాం, సరిగ్గానే చెప్పుకున్నాం. దళిత మహాసభ అందులోంచి పుట్టింది. కానీ అది తాగునీటి కాలుష్యం మీద జరిగిన పోరాటం కూడా అని పర్యావరణవాదులు ఎందుకు గుర్తుపట్టలేదు? మనమైనా ఎందుకు అట్లా చెప్పుకోలేదు? భారత పర్యావరణవాదం కులాన్ని ఎట్లా చూడకుండా దాటేసిందో ముకుల్ శర్మ 2017లో 'క్యాస్ట్ అండ్ నేచర్' పుస్తకంలో వివరంగా రాశాడు. తెలుగులో ఆ పని చెయ్యాల్సినవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లోనే ఉన్నారు, దగ్గర్లో ఉన్న చెరువుతో మొదలుపెట్టొచ్చు.

ఆ తర్వాతి ఏడాది తరగతుల్లో 'నౌసికా' వేశాం. నిజం చెప్పాలంటే సగంమంది నిద్రపోయారు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవడం కష్టమైంది, నేనే మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబుతుంటే కథ తెగిపోయింది. అది నా పొరపాటు, ముందే కథ చెప్పి ఉండాల్సింది. పేరు గురించి అడిగిన పిలగాడు ఆసారి రాలేదు. డిగ్రీ మానేసి పనిలో చేరాడని వాళ్ళ స్నేహితుడు చెప్పాడు. ఏం పని అని నేను అడగలేదు. ముసలివాడు చేతులు చూపించే దగ్గర మాత్రం వెనక వరసలో కూర్చున్న ఒకమ్మాయి, "సార్, అది ఇంకోసారి వెయ్యండి" అంది. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో రోడ్లూడుస్తుంది. వెనక్కి తిప్పి వేశాను. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను.